మా అమ్మ, మీ ఉత్తరం, వాళ్ళ ఇల్లు: స్పానిష్‌లో రాయడం నేర్చుకున్న నా అనుభవం

అనంతపురంలో స్పానిష్ ఏంటని వేరే జిల్లాల వాళ్ళు అడుగుతుంటారు. మా దగ్గర ఆ ప్రశ్న ఎవరూ అడగరు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విసెంటె ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఈ కరువు సీమకూ స్పెయిన్‌కూ సంబంధం కలిసింది. ఇక్కడి పల్లెల్లో పిల్లల చదువుకు అక్కడి కుటుంబాలు సాయం చేస్తాయి. పిల్లలు తెలుగులో ఉత్తరాలు రాస్తారు, అక్కడి నుంచి జవాబులు వస్తాయి. మధ్యలో ఎవరో ఒకరు కూర్చుని ఆ మాటల్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మార్చాలి.

చిన్నప్పుడు నాకూ అలాంటి ఉత్తరాలు వచ్చేవి. స్పానిష్ రాత కింద ఎవరో చక్కటి తెలుగులో దాన్ని తిరగరాసి పంపేవాళ్ళు. ఆ రాసిన మనిషి ఎవరో నాకు తెలియదు గానీ, ఆ పని నేనూ చెయ్యాలని మాత్రం గట్టిగా ఉండేది. డిగ్రీ అయ్యాక స్పానిష్ క్లాసులో చేరింది అందుకే.

చేరిన కొన్నాళ్ళకే పాఠం 'పొసెసివోస్' దగ్గరికి వచ్చింది. నా, నీ, మా, మీ, వాళ్ళ అనే మాటలన్నమాట. మా టీచరు స్పెయిన్ నుంచి వచ్చినావిడ, ప్రోఫె అని పిలిచేవాళ్ళం. పాఠం చూడ్డానికి చాలా చిన్నది. మి అంటే నా. తు అంటే నీ. సు అంటే అతని, ఆమె, దాని, వాళ్ళ, ఇంకా మర్యాదగా అనే మీ. న్వెస్త్రో అంటే మా లేదా మన. బ్వెస్త్రో అంటే చనువున్న నలుగురిని కలిపి అనే మీ. వెనక వచ్చే నామవాచకం బహువచనమైతే వీటికీ ఒక 'స్' చేరుతుంది. నా పుస్తకం మి లీబ్రో, నా పుస్తకాలు మిస్ లీబ్రోస్. న్వెస్త్రో, బ్వెస్త్రో మాత్రం పుంలింగ స్త్రీలింగాలను బట్టి కూడా మారతాయి. బోర్డు మీద అంతా కలిపి అరపేజీ కూడా లేదు.

కానీ ఉత్తరం చేతిలోకి తీసుకుంటే ఆ అరపేజీ చాలదు. పిల్లల ఉత్తరం మొత్తం ఈ మాటలతోనే నిండి ఉంటుంది. మా అమ్మ కూలికి పోతుంది, మా నాయన గొర్రెలు కాస్తాడు, మా జేజి నాకు జడ వేస్తుంది, మా ఊర్లో వాన పడింది, మా శెనక్కాయ పంట బాగుంది, మీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు, మీ ఉత్తరం చదివి సంతోషమేసింది. పదేళ్ళ పిల్ల తన లోకాన్ని ఎవరికైనా చూపించాలంటే 'మా' అనే మాట పట్టుకునే చూపిస్తుంది. దాన్ని సరిగ్గా దాటించకపోతే ఆ లోకం ఆకారం మారిపోతుంది. అందుకే క్రియల కాలాలకంటే కూడా ఈ చిన్న మాటల మీదే నేను ఎక్కువ సమయం పెట్టాను.

క్లాసులో మాకిచ్చిన పట్టికలో ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క స్పానిష్ ఉండేవి. కొద్ది రోజులు దాంతోనే చదివాను. తర్వాత ఇంగ్లిష్ పక్కన పెట్టి, నోటుబుక్కులో ఎడమవైపు తెలుగు మాటలన్నీ రాసుకున్నాను. నా, మా, మన, నీ, మీ, అతని, వాడి, ఆమె, ఆయన, దాని, వాళ్ళ, తన. కుడివైపు స్పానిష్ రాస్తే చాలా తక్కువ మాటలు వచ్చాయి. అది చూశాకే పని ఏమిటో తెలిసింది. మనకు పన్నెండు గదులున్న చోట వాళ్ళకు అయిదే ఉన్నాయి. ఏ గదిలోది ఏ గదిలోకి వెళ్తుందో ప్రతి వాక్యంలోనూ చూసి నిర్ణయించాలి.

మొదట 'మా' సంగతి. తెలుగులో మా అమ్మ అంటాం. ఒక్కతే కూతురైనా మా అమ్మే. పెళ్ళైన ఆవిడ మా ఆయన అంటుంది. స్పానిష్‌లో ఇక్కడ మి రావాలి: మి మాద్రే, మి మరీదో. న్వెస్త్రా మాద్రే అంటే అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో కలిసి మాట్లాడుతున్నారని అర్థం. కాబట్టి ఒక్కరే రాసిన ఉత్తరంలో బంధువుల ముందు వచ్చే 'మా'ను మామూలుగా మి చేసేయొచ్చు. అన్నదమ్ములు కలిసి రాస్తే మాత్రం న్వెస్త్రా.

ఊరు, బడి కూడా అంతే. మి ప్వెబ్లో, మి కొలేహియో అంటేనే స్పెయిన్ వాళ్ళ చెవికి సహజంగా ఉంటుంది. కానీ పొలం, పశువులు, ఇల్లు దగ్గరికి వచ్చేసరికి నేను ఆగి ఆలోచించేదాన్ని. మా ఇల్లు కూలిపోయింది అని పిల్లాడు రాస్తే మి కాసా అనొచ్చు, న్వెస్త్రా కాసా అనీ అనొచ్చు. రెండూ వ్యాకరణానికి సరిపోతాయి. ఇంటిల్లిపాదీ కష్టపడి కట్టుకున్నది, ఇంటిల్లిపాదికీ దుఃఖం కలిగించినది అయితే న్వెస్త్రా రాయడమే న్యాయమని నా అభిప్రాయం. పొలానికీ అంతే, న్వెస్త్రాస్ తియెర్రాస్. ప్రోఫె కూడా ఇందులో నాతో ఏకీభవించింది. కథ ఒక పిల్లాడిదా, ఇంటిదా అన్నది వాక్యం చదివితే తెలిసిపోతుందని చెప్పింది.

న్వెస్త్రో వాడడం మొదలుపెడితే లింగం గొడవ మొదలవుతుంది. తెలుగులో మా ఆవు, మా ఎద్దులు, మా మేకలు, మా కుక్క, అన్నిటికీ ఒకే 'మా'. స్పానిష్‌లో న్వెస్త్రా బాకా, న్వెస్త్రోస్ బ్వేయెస్, న్వెస్త్రాస్ కాబ్రాస్, న్వెస్త్రో పెర్రో. ఎవరు అంటున్నారన్నది లెక్కలోకే రాదు. ఆడపిల్ల అన్నా మగపిల్లాడు అన్నా ఆవుకి న్వెస్త్రా, కుక్కకి న్వెస్త్రో. సొంతదారును మర్చిపోయి సొత్తును చూడాలి. ఇది పలకడానికి నోరు తిరగాలంటే పెద్దగా చదవడం తప్ప మార్గం లేదు. నేను మా వాకిట్లో నిలబడి కనపడిన ప్రతి వస్తువుకీ న్వెస్త్రో, న్వెస్త్రా చెప్పుకుంటూ పోయేదాన్ని. మా జేజికి అది తమాషాగా ఉండి, తనూ వస్తువులు చూపించి అడిగేది. ఆమె రోలు చూపించిన రోజున దానికి స్పానిష్‌లో ఏమంటారో వెతుక్కుని మోర్తేరో అని తెలుసుకున్నాను.

ఆ కోవలో బాగా గుర్తుండిపోయింది నీళ్ళ మాట. ఆగ్వా స్త్రీలింగం. కానీ ముందు ఆర్టికల్ పెడితే ఎల్ ఆగ్వా అంటారు, పుంలింగం లాగా. రెండు 'అ'లు ఒకదాన్నొకటి ఢీకొంటాయని ఆ ఏర్పాటు. ఆ వెసులుబాటు ఆర్టికల్ వరకే. పొసెసివ్ పెడితే మళ్ళీ న్వెస్త్రా ఆగ్వా. ఎక్కడైనా ఇది వ్యాకరణంలో ఒక మూలన పడుండే సంగతే కావచ్చు. అనంతపురం పిల్లల ఉత్తరాల్లో మాత్రం నీళ్ళు రాని ఉత్తరం అరుదు. బోరు ఎండిపోయింది, చెరువు నిండింది, ట్యాంకరు వచ్చింది. కాబట్టి నేను ఎల్ ఆగ్వా, న్వెస్త్రా ఆగ్వా రెండూ పక్కపక్కన రాసి గోడకు అతికించుకున్నాను. అలాగే అంతంలో 'ఆ' ఉన్నా పుంలింగమయ్యేవి ప్రొబ్లేమా, ఇదియోమా, క్లీమా. న్వెస్త్రో ఇదియోమా, అంటే మా భాష. అంతంలో 'ఓ' ఉన్నా స్త్రీలింగమయ్యేవి మానో, ఫోతో. మా ఫోటో న్వెస్త్రా ఫోతో.

మన, మా తేడా స్పానిష్‌లో లేదు. వినేవాళ్ళను కలుపుకుంటే మన, కలుపుకోకపోతే మా. మనకు ఇది పుట్టుకతో వచ్చిన తేడా, దీనికోసం ఆలోచించం కూడా. వాళ్ళకు రెండూ న్వెస్త్రోనే. మన దేశం అని పిల్ల రాస్తే ఇబ్బంది లేదు, న్వెస్త్రో పయీస్ అంటే స్పెయిన్‌లో చదివే ఆవిడకు ఇండియా అనే తెలుస్తుంది. చిక్కు ఎక్కడంటే, 'మన ఉత్తరాలు దాచుకున్నాను' లాంటి వాక్యంలో. అంటే నువ్వు నాకు రాసినవీ, నేను నీకు రాసినవీ. న్వెస్త్రాస్ కార్తాస్ అంటే ఆ పిల్లా, వాళ్ళ చెల్లీ కలిసి రాసినవి అని కూడా అనుకోవచ్చు. అలాంటి చోట నేను ఒక్క మాటతో సరిపెట్టను. నువ్వూ నేనూ రాసుకునే ఉత్తరాలు అని విడమర్చి, 'లాస్ కార్తాస్ కె నోస్ ఎస్క్రిబీమోస్ తూ ఈ యో' అని రాస్తాను. వాక్యం కాస్త పొడుగైనా 'మన'లోని దగ్గరితనం అవతలికి చేరుతుంది. అనువాదంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

ఇక 'మీ'. పెద్దవాళ్ళకు మీరు అనడం పిల్లలకు మనం నేర్పిన మర్యాద. దాన్ని యథాతథంగా మారిస్తే ఉస్తెద్ అవుతుంది, మీ ఉత్తరం సు కార్తా అవుతుంది. స్పెయిన్‌లో ఇప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్ళతో కూడా చాలాసార్లు తూ, అంటే నువ్వు, అనే మాట్లాడతారు. నెలల తరబడి పిల్ల ఫోటో బల్ల మీద పెట్టుకున్న ఒక ఆవిడకు సు కార్తా అని ఉత్తరం వెళ్తే, ఆఫీసు కాగితం చదివినట్టు ఉంటుంది. తు కార్తా అని రాస్తే పిల్ల గొంతు వినిపిస్తుంది. నేను తు వైపే ఉన్నాను. తెలుగులోని గౌరవాన్ని వేరే చోట చూపించొచ్చు, మొదట్లో పెట్టే సంబోధనలో, కెరీదా (ప్రియమైన) మద్రీనా అనడంలో. సాయం చేసే ఆవిడను మద్రీనా అంటారు, ఆయనైతే పద్రీనో, పిల్లను అయిహాదా అంటారు. ఈ మాటల్లోనే కావలసినంత బంధుత్వం ఉంది.

భార్యాభర్తలిద్దరికీ కలిపి రాసేటప్పుడు 'మీ' అచ్చంగా బహువచనం. అక్కడ బ్వెస్త్రో కావాలి. మీ పిల్లలు బ్వెస్త్రోస్ ఈహోస్, మీ ఇల్లు బ్వెస్త్రా కాసా. కాబట్టి ఉత్తరం విప్పగానే నేను చూసే మొదటి సంగతి, ఇది ఒకరికా ఇద్దరికా అని. అది తేలకుండా ఒక్క వాక్యం కూడా మొదలుపెట్టను.

సు దగ్గర మాత్రం తెలుగే నయమనిపిస్తుంది. మనకు తన అనే మాట ఉంది. రాము తన సైకిలు తీసుకెళ్ళాడు అంటే రాముదే. రాము అతని సైకిలు తీసుకెళ్ళాడు అంటే ఇంకెవరిదో. స్పానిష్‌లో రెండూ సు బిసిక్లేతా. పైగా ఆమెది, వాళ్ళది, మీది అన్నీ ఆ సులోనే ఇమిడి ఉన్నాయి. దె ఎల్, దె ఎయ్యా అని వెనక తగిలించి స్పష్టం చెయ్యొచ్చని పుస్తకాల్లో ఉంటుంది. అతనిది, ఆమెది అని చెప్పడమన్నమాట. కానీ పేజీ నిండా అవే తగిలిస్తే చదవబుద్ధి కాదు. ప్రోఫె చెప్పిన మార్గం నాకు నచ్చింది. సర్వనామాన్ని సరిచెయ్యకు, ముందు వాక్యాన్ని సరిచెయ్యి అంటుంది. ఎవరి సైకిలో ఆ మనిషినే మళ్ళీ చెప్పు, వాళ్ళన్న సైకిలైతే లా బిసిక్లేతా దె సు ఎర్మానో అను. చదివేవాళ్ళు ఎక్కడా ఆగరు.

సు, సుస్ మధ్య ఇంకో మెలిక ఉంది. వాళ్ళ ఇల్లు అన్నప్పుడు వాళ్ళు చాలామంది కాబట్టి సుస్ అనాలని మనసు లాగుతుంది. కానీ ఇల్లు ఒక్కటే, కాబట్టి సు కాసా. ఆమె ఒక్కతే అయినా మేకలు చాలా ఉంటే సుస్ కాబ్రాస్. ఇది కూడా పైన చెప్పిన సూత్రమే, సొంతదారును కాదు సొత్తును లెక్కపెట్టాలి.

ఇంగ్లిష్ మీదుగా కాకుండా నేరుగా తెలుగు నుంచి వెళ్ళాలని నాకు గట్టిగా అనిపించింది ఒంటికి సంబంధించిన మాటల దగ్గర. నాకు తల నొప్పిగా ఉంది అంటాం. స్పానిష్‌లో మె ద్వేలే లా కబేథా. మాటకు మాట చూస్తే 'నాకు నొప్పెడుతోంది తల'. అక్కడ మి లేదు, మనకూ 'నా' లేదు. 'నాకు' ఉంటే చాలు, తల ఎవరిదో తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆలోచించి వచ్చిన వాళ్ళు ఇక్కడ మి కబేథా అని పెట్టబోతారు. వాడికి చెయ్యి విరిగింది అన్నదానికి సె ఆ రోతో ఎల్ బ్రాథో. ఇక్కడా సు లేదు.

ఇంకా ముచ్చటైనది కాళ్ళు కడుక్కోవడం. కడిగాను వేరు, కడుక్కున్నాను వేరు. ఆ 'కొను' చేరగానే ఆ పని తనకోసమని, కాళ్ళు తనవేనని అర్థమవుతుంది. స్పానిష్‌లో ఆ పని మె చేస్తుంది. మె లబే లోస్ పియేస్, కాళ్ళు కడుక్కున్నాను. తల దువ్వుకున్నాను, చొక్కా వేసుకున్నాను, చెప్పులు తొడుక్కున్నాను, వీటన్నిటికీ అదే పద్ధతి. నా కాళ్ళు కడుక్కున్నాను అని మనం మామూలుగా అనం, వాళ్ళూ అనరు. ఇది తెలిసిన రోజు నుంచి రిఫ్లెక్సివ్ క్రియలు, అంటే ఇలా తనకు తాను చేసుకునే పనుల క్రియలు, నాకు కొత్తగా అనిపించలేదు. నీ కళ్ళు బాగున్నాయి అన్నప్పుడు మాత్రం మనమూ నీ అంటాం, వాళ్ళూ తుస్ ఓహోస్ అంటారు. ఆ అవయవమే వాక్యానికి విషయమైనప్పుడు పొసెసివ్ వస్తుంది. ఇక్కడ కూడా రెండు భాషలూ ఒకే దారిలో ఉన్నాయి. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలకు ఎవరైనా స్పానిష్ నేర్పుతుంటే, ఈ పాఠం ఇంగ్లిష్ ఊసు ఎత్తకుండా చెప్పమని బతిమాలుతాను. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

మియో, తూయో, సూయో లాంటి పొడుగు రూపాలు కూడా అలాగే తేలికయ్యాయి. నా పుస్తకం, ఈ పుస్తకం నాది. మి లీబ్రో, ఎస్తె లీబ్రో ఎస్ మియో. నావి అయితే మియోస్. నా స్నేహితురాలు ఒకామె అనాలంటే ఉనా అమీగా మియా. ప్రాణం పోయేంత ప్రేమగా, ఈహా మియా అని పిలుస్తారు, మనం నా తల్లీ అన్నట్టు. మావాళ్ళు అనడానికి లోస్ మియోస్, నీవాళ్ళు అనడానికి లోస్ తూయోస్. ఉత్తరాల చివర 'ఉన్ అబ్రాథో పారా తీ ఈ లోస్ తూయోస్' అని వస్తుంటుంది. నీకూ మీవాళ్ళకూ ఒక కౌగిలింత అని. మీవాళ్ళు అనే మాట తెలుగులో తడుముకోకుండా దొరికింది. కౌగిలింత దగ్గర మాత్రం ఇప్పటికీ ఆలోచిస్తాను, మా పల్లెల్లో పెద్దవాళ్ళు ఉత్తరంలో కౌగిలింత పంపరు కదా. చాలాసార్లు ప్రేమతో అని రాస్తాను.

రాతలో చూసుకోవాల్సింది ఇంకొకటి, అక్షరం మీద గీత. గీత లేని మి అంటే నా. గీత ఉంటే పారా మీ అన్నప్పుడు వచ్చే మీ, అంటే నాకోసం. గీత లేని తు నీ, గీత ఉన్న తూ నువ్వు. ఇంటర్నెట్ సెంటర్ కీబోర్డుల్లో అవి రావు, ఫోన్‌లో అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే వస్తాయి.

ఈ మధ్య స్పెయిన్ దాటి అమెరికా ఖండాల స్పానిష్ వినడం మొదలుపెట్టాను. అక్కడ బ్వెస్త్రో దాదాపు వినపడదు. మీ అంతా సులోకే వెళ్ళిపోతుంది, చనువున్నా సరే. స్పెయిన్‌కు వెళ్ళే ఉత్తరాలకు దానితో పని లేదు గానీ, అమెరికాలో మెక్సికో వాళ్ళతో కలిసి పనిచేసే మా బంధువు ఒకతను స్పానిష్ మొదలుపెడితే, బ్వెస్త్రో తర్వాత చూసుకోవచ్చు, ముందు సు మీద పట్టు తెచ్చుకో అని చెప్పాను.

ఆ వినికిడిలోనే దొరికిందొకటి. పెరూ, బొలీవియాల్లో ఆండీస్ కొండల మీద, కెచువా మాట్లాడే వాళ్ళ స్పానిష్‌లో హ్వాన్ ఇంటిని 'దె హ్వాన్ సు కాసా' అంటారట. పుస్తకాల స్పానిష్ ప్రకారం లా కాసా దె హ్వాన్ అనాలి, అంటే హ్వాన్ యొక్క ఇల్లు. వీళ్ళు మాత్రం హ్వాన్ పేరు ముందు చెప్పి, మళ్ళీ సు పెట్టి, తర్వాత ఇల్లు అంటారు. రాము వాళ్ళ ఇల్లు అని మనం అన్నట్టే ఉంది. రాము ఒక్కడే అయినా వాళ్ళ అంటాం కదా. నేను ప్రోఫెకు చూపిస్తే తనూ ఆసక్తిగా చదివింది. ఉత్తరాల్లో మాత్రం లా కాసా దె రాము అనే రాయాలని అంది, నేనూ అలాగే రాస్తున్నాను. కెచువా నుంచి స్పానిష్‌లోకి ఇంకా ఏమేం వచ్చాయో ఇప్పుడు ఒక్కొక్కటీ వెతుక్కుని రాసుకుంటున్నాను.